రికార్డు ప్రకారం సదయ్య

మా బాపు పేరు పెట్టుకుని ఇంకొక మనిషి ముప్పై ఏడేళ్లు బొగ్గుబాయిలో డ్యూటీ చేశాడు. జీతం తీసుకున్నాడు, క్వార్టర్‌లో ఉన్నాడు, రిటైరైన రోజు మెడ నిండా దండలు వేయించుకున్నాడు. అసలు పేరు గల మా బాపు ఎండలో లారీలకు బొగ్గు ఎత్తి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకుని చచ్చిపోయాడు. ఈ సంగతి నేను మెత్తగా చెప్పలేను. నాకు మెత్తగా మాట్లాడటం రాదు, నేర్చుకోవాలని కూడా లేదు.

మా గోదావరిఖనిలో దీన్ని మారుపేరు అంటారు. ఒకరి పేరు మీద వచ్చిన నౌకరీ పిలుపు కాయితం పట్టుకుని ఇంకొకరు బాయి దిగడం. ఆ రోజుల్లో కాయితం మీద ఫొటో ఉండేది కాదు. తమ్ముడి పేరు మీద అన్న, బావ పేరు మీద బామ్మర్ది, అందరూ ఒప్పుకుని చేసుకున్నవే ఎక్కువ. ఇక్కడ ఏ గల్లీలో అడిగినా అలాంటి మనిషి ఒకరు దొరుకుతారు. మా బాపు మాత్రం తన పేరును ఎవరికీ ఇవ్వలేదు. ఆయన దగ్గర నుంచి గుంజుకున్నారు.

బాపు పేరు బొంకూరి సదయ్య, తండ్రి రాజయ్య, ఊరు కమాన్‌పూర్ పక్కన రాచపల్లి. పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో ఆయనకు పిలుపు వచ్చింది. సరిగ్గా అప్పుడే పచ్చకామెర్లతో మంచం పట్టాడు. పక్కింటి ఓదెలు, ఒకే కంచంలో తిన్న దోస్తు, వచ్చి కూర్చుని, "తారీకు దాటిపోతదిరా. నేను పోయి నీ పేరు మీద హాజరిస్త. నువ్వు లేచినంక నీ నౌకరి నువ్వు చేస్కో" అన్నాడట. బాపు నమ్మాడు. మూడు నెలలకు లేచి గోదావరిఖని వెళితే, ఓదెలు క్వార్టర్ గడపలో నిలబడి, "నువ్వెవలు?" అని అడిగాడు.

మా ఇంటిపేరు బొంకూరి. బొంకు మా పేరులో ఉంది, కాపురం మాత్రం వాళ్లింట్లో పెట్టింది.

మూడేళ్లు తిరిగితే ఎంక్వైరీ వేశారు. ఊరి పెద్ద సాక్ష్యానికి రాలేదు. "ఇద్దర్ల ఒక్కనికన్న అన్నం దొరికింది, గదే చాలు" అని ఇంట్లోనే కూర్చున్నాడు. ఎంక్వైరీ చేసిన ఆఫీసరు ఏ ప్రాంతం వాడో, ఇక్కడి పద్ధతులు తెలియవు. ఇద్దరు మగవాళ్లూ నేనే సదయ్యనంటున్నారు. ఆయనకొక ఉపాయం తట్టింది. ఇద్దరి భార్యలనూ ఒకరి తర్వాత ఒకరిని పిలిచి, "నీ భర్త పేరేమిటి?" అని అడిగాడు.

ఓదెలు భార్య లస్మవ్వ టక్కున "సదయ్య" అంది.

మా అవ్వ సారవ్వ తల దించుకుని నిలబడింది. అప్పటికి ఆమెకు పెళ్లయి ఆరు నెలలు. పెనిమిటి పేరు నోట పలకకూడదని తల్లి చెప్పి పంపింది. ఊళ్లో ఇంకో సదయ్య ఉంటే అతణ్ణి కూడా "ఆయన పేరాయన" అనేది. ఆఫీసరు రెండోసారి అడిగాడు. మూడోసారి గద్దించాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది కానీ పేరు చెప్పలేదు. 'భర్త పేరు చెప్పలేకపోయినది' అని ఆయన రాసుకున్నాడు. ఆ ఒక్క ముక్కతో మా బాపు దొంగ సదయ్య అయ్యాడు.

లస్మవ్వ అంత సులువుగా ఎలా చెప్పగలిగింది? అది ఆమె మొగుడి పేరు కాదు కాబట్టి. ఎవరి పేరునో పలకడానికి సిగ్గెందుకు? ఎవరిది నిజమో ఆ గదిలో చక్కగా తేలిపోయింది. చూసే కళ్లు లేకపోయాయి, అంతే.

బాపు పోయి మూడేళ్లు దాటింది. చివరి రోజుల్లో ఊపిరి అందక ఎగపోస్తుంటే, ఎవరో చెప్పారని కంపెనీ కార్డున్న కార్మికులు వెళ్లే దవాఖానకు ఆటోలో తీసుకెళ్లాను. కౌంటర్‌లో ఆధార్ ఇచ్చాను. అక్కడి మనిషి పేరు కొట్టి, తెర చూసి, మా బాపు మొహం చూసి, "బొంకూరి సదయ్య, తండ్రి రాజయ్య. పేరైతే ఉన్నది. కని ఫొటో వేరే ఉన్నది. ఎవలి కార్డు వాడుతున్నవ్ పెద్దమనిషీ?" అన్నాడు. బాపు ఆధార్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. నా భుజం పట్టుకుని, "ఇంటికి పోదాం బిడ్డా" అన్నాడు. దగ్గుకుంటూ మెట్లు దిగాడు. మూడో రోజు పోయాడు. తన పేరు మీద మందులున్నాయి, మంచముంది, డాక్టరున్నాడు. తనకే లేవు.

ఆ రోజు నేను ఏడవలేదు. ఓదెలు కొడుకు ఎక్కడుంటాడో, ఏం చేస్తాడో, ఎవరితో తిరుగుతాడో కనుక్కున్నాను.

కొడుకు పేరు సంపత్. మా వార్డులో లీడరు. తెల్లచొక్కా, ముగ్గురు మనుషులు, రెండు ఫోన్లు. నేను చౌరస్తాలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను. సర్టిఫికెట్లు, పెన్షన్ దరఖాస్తులు, జెరాక్సులు. బోర్డు మీద తిరుమల ఆన్‌లైన్ అని ఉంటుంది, ఇంటిపేరు ఉండదు. నేనెవరి బిడ్డనో అతనికి తెలియదు. అతనెవరి కొడుకో నాకు తెలుసు. రెండేళ్లు అతని కాయితాలు నేనే చేసి పెట్టాను, నవ్వుతూ. ఎప్పుడో ఒకప్పుడు వీడు తనంతట తనే నా చేతికి చిక్కుతాడని నాకు నమ్మకం.

చిక్కాడు. ఆ ఏడు రాష్ట్ర బడ్జెట్‌లో మిగులు తేలింది. పైసలు చాలవని ఏడ్చే సర్కారు, పైసలు మిగిలాయి, ఏం చేయాలో మీరే చెప్పండి అని ప్రాంతానికొక సభ పెట్టింది. మా చౌరస్తాలో వారం రోజులు ఇదే ముచ్చట. చాయ్ హోటల్ దగ్గర కూర్చున్న ప్రతివాడూ ఆర్థిక మంత్రి అయిపోయాడు. ఒకడు అప్పులు కట్టాలంటాడు, ఒకడు ఇంటికింత పంచాలంటాడు, ఒకడు కరెంటు బిల్లు మాఫీ చేయాలంటాడు.

సంపత్ మాత్రం నేరుగా నా షాపుకొచ్చాడు.

"తిరుమలా, మంచిగ ఒక ప్రపోజల్ టైపు చెయ్యాలె. చౌరస్తల పెద్ద కమాన్, దాని పక్కన ఫంక్షన్ హాలు. పోయిన మా బాపు పేరు మీద. ఆదర్శ కార్మికుడు సదయ్య స్మారకం అని. కమాన్ మీద బంగారు అక్షరాలు రావాలె."

కాంట్రాక్టు అతని బామ్మర్దికి వెళుతుందని ఊరందరికీ తెలుసు. నేను కీబోర్డు మీద చేతులు పెట్టి, "బాపు పూర్తి పేరు చెప్పు అన్నా" అన్నాను.

"బొంకూరి సదయ్య."

"తండ్రి?"

"రాజయ్య. ఊరు రాచపల్లి."

మా తాత పేరు, మా ఊరి పేరు వాడి నోటి నుంచి అంత ధీమాగా వచ్చాయి. ఒక్కో అక్షరం చూసుకుంటూ టైపు చేశాను. అచ్చు తప్పులు ఉన్నాయో లేవో రెండుసార్లు చూశాను.

సభ ఒక సోమవారం పొద్దున కమ్యూనిటీ హాల్లో జరిగింది. హైదరాబాదు నుంచి అనూహ్య అనే ఆఫీసరు వచ్చింది. ముప్పై దాటి ఉండదు. వాళ్ల నాన్న ఒకప్పుడు ఇక్కడి పవర్ ప్లాంటులో ఇంజనీరట, కోస్తా మాట. ఫైలు ముందు పెట్టుకుని సూటిగా మొదలుపెట్టింది.

"ఈ డబ్బు ఒక్కసారి వచ్చిందండి. వచ్చే ఏడాది ఉంటుందో లేదో నేను చెప్పలేను. అందుకని ఏటా ఖర్చయ్యే పథకాలు దీంతో మొదలుపెట్టకూడదు. ఒకసారి పెడితే చాలాకాలం పనికొచ్చేది చెప్పండి. ఈ ప్రాంతానికి ఒక్క పనే మంజూరవుతుంది."

కిరాణా వ్యాపారి లేచి ఇంటిపన్ను తగ్గించమన్నాడు. ఒకామె ఇంటింటికీ పంచమంది. బెల్లంపల్లి నుంచి వచ్చి ఇక్కడ అల్లుడింట్లో ఉంటున్న ముసలాయన, "బాయిలు మూతపడ్డంక మా బెల్లంపల్లి ఎట్లయిందో చూసిన్రు. రేపు గీడ బొగ్గు ఒడిస్తే పొరగాండ్లు ఏం తింటరు? అది చూడుండ్రి" అన్నాడు. అప్పుడు సంపత్ లేచి తన కమాన్ సంగతి చదివాడు. అతని ముగ్గురు మనుషులు చప్పట్లు కొట్టారు.

అనూహ్య కళ్లజోడు సర్దుకుంది. "ఇలాంటి స్వాగత ద్వారాలకు, ఫంక్షన్ హాళ్లకు ఈ నిధి ఇవ్వరండి. రూల్స్‌లో లేదు."

సంపత్ మొహం మాడిపోయింది. నేను ఎదురుచూసింది ఆ క్షణం కోసమే. లేచి నిలబడ్డాను.

"మేడం, సంపతన్న బాపు పేరు పోవద్దు. మార్కెట్ ఎనక పాత గోదాము ఖాళీగ ఉన్నది. దాన్ని దవాఖాన చెయ్యుండ్రి. దగ్గు, దమ్ము, ఊపిరితిత్తుల బీమార్లకు. కార్డు లేనోళ్లకు. కాంట్రాక్టు కూలోళ్లు, లారీలకు బొగ్గెత్తెటోళ్లు, రోడ్డు పొంటి దుమ్ము మింగెటోళ్లు. దానికి సదయ్య పేరు పెట్టుండ్రి. సంపతన్నా, నీ బాపు పేరు మీద దవాఖానంటే నువ్వు వద్దంటవా?"

హాలు మొత్తం చప్పట్లు. ఈసారి ముగ్గురు కాదు, మూడు వందల మంది. సంపత్ నన్ను చూశాడు, జనాన్ని చూశాడు. బామ్మర్ది కాంట్రాక్టు నీళ్లలో కలిసిందని అతనికి అర్థమైంది. కానీ బాపు పేరు మీద దవాఖాన వద్దని ఏ మొహంతో అంటాడు? చేతులు జోడించి, "అందరి ఇష్టమే నా ఇష్టం" అన్నాడు.

నేను జనం మీద ప్రేమతో దవాఖాన అడిగానని ఆ రోజు అందరూ అనుకున్నారు. అబద్ధం ఎందుకు, ఆ ప్రేమ నాలో పావు వంతు ఉంటే ఎక్కువ. బాపును వెనక్కి పంపిన ఆ మెట్లు నాకు కళ్ల ముందు నుంచి పోలేదు. బాపు పేరు మీదే ఇంకో దవాఖాన లేవాలి, దానికి ఓదెలు కొడుకే చేతులు జోడించాలి. నాకు కావాల్సింది అదీ.

"బాగానే ఉంది, కానీ డాక్టరు జీతం, మందులు ప్రతి ఏడూ ఎవరిస్తారు?" అని అనూహ్య అడ్డు వేసింది. నేను అంత లెక్క వేసుకోలేదు.

వెనక నుంచి అబ్దుల్ రజాక్ కాక లేచాడు. బాయిలో సర్దార్‌గా చేసి రిటైరైన మనిషి. కప్పు కూలకుండా చూడటమే ఆయన ఉద్యోగం.

"మేడం, బాయిల మేము బొగ్గంత ఊడ్చెయ్యం. నడుమ నడుమ పిల్లర్లు ఇడిచిపెడ్తం. ఆ పిల్లర్లు గూడ బొగ్గే. అది మిగిలిన బొగ్గని ముందుగాలనే కొట్టుకుంటే కప్పు నెత్తిమీద పడ్తది. గీ మిగులు పైసలు గూడ గంతే. సగంతోని గోదాము మంచిగ చెయ్యుండ్రి. సగం బ్యాంకుల పిల్లర్ లెక్క ఉంచుండ్రి. దాని మిత్తి, అదే వడ్డి, దాని మీద డాక్టరు నడుస్తడు. ఫికర్ లేదు."

అనూహ్య చాలాసేపు రాసుకుంది. తల ఎత్తి, "వారం రోజుల నుంచి పది సభలు తిరిగాను. మిగులంటే ఏమిటో నాకెవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదండి" అంది. తర్వాత సంపత్ వైపు తిరిగింది. "పేరు పెట్టాలంటే ఒక షరతు ఉంది. ఆ వ్యక్తి వివరాలూ, ఫొటో సొంతూరి పంచాయతీ ధ్రువీకరించాలి. ధ్రువీకరించినవే రాయి మీద ఉండాలి. రికార్డు ప్రకారం."

సంపత్ తన మనుషుల వైపు తిరిగి చూడటం నేనొక్కదాన్నే గమనించాను. రాచపల్లికి అతను ఏ మొహం పెట్టుకుని వెళతాడు? ఓదెలు ఆ ఊరు విడిచిన రోజు నుంచి పెళ్లికీ వెళ్లలేదు, చావుకీ వెళ్లలేదు. అక్కడ పసివాడికి కూడా తెలుసు ఎవరు ఎవరో.

మర్నాడు పొద్దున్నే షాపు తెరవకముందే వచ్చి నిలబడ్డాడు.

"ఆ ఊరి కాయితం నువ్వే తీస్కరావాలె తిరుమలా. నాకు తీరిక లేదు. సెక్రెటరీకి ఏమన్న ముట్టజెప్పి సంతకం పెట్టించు. ఇగో బాపు ఫొటో. నా తరఫున నువ్వు పోవచ్చని రాసిచ్చిన కాయితం గూడ ఇది. మల్ల నన్ను ఏమడగొద్దు, అంత నువ్వే చూస్కో."

"అంత నేనే చూస్కుంట అన్నా" అన్నాను. జీవితంలో అంత మనస్ఫూర్తిగా ఎవరికీ మాట ఇవ్వలేదు.

మా ఊరు సగం ఓపెన్‌కాస్టు గని కింద పోయింది. మిగిలిన సగంలో పంచాయతీ ఆఫీసు ఉంది. సెక్రెటరీ దీప కొత్తగా వచ్చిన అమ్మాయి. ఆమె ముందు కూర్చుని నలుగురు పెద్దవాళ్లను పిలిపించమన్నాను. వచ్చారు. ముందు సంపత్ ఇచ్చిన ఫొటో బల్ల మీద పెట్టాను. నేను మోసం చేయదలచుకోలేదు. మోసం వాళ్ల పద్ధతి.

"ఇతనెవరు?" అని అడిగాను.

"ఓదెలు గాడు" అన్నారు నలుగురూ, ఒకే గొంతుతో.

"బొంకూరి రాజయ్య కొడుకు సదయ్య ఎవరు?"

వాళ్లలో ముసలామె నన్ను ఎగాదిగా చూసి, "నీ అయ్యను నన్నడుగుతవేందే?" అంది.

మా బాపు ఆధార్‌లోని ఫొటో పెట్టాను. దీప ఆ ఫొటో వెనకాల నలుగురి సంతకాలు, వేలిముద్రలు తీసుకుంది, ముద్ర వేసింది. రూపాయి ముట్టజెప్పలేదు. దాన్నీ, సంపత్ రాసిచ్చిన కాయితాన్నీ నేనే అనూహ్య ఫైల్లో చేర్చాను. సంపత్ ఇచ్చిన ఫొటోను మాత్రం జాగ్రత్తగా కవర్లో పెట్టి దాచాను, అతని వస్తువు అతనికి తిరిగి ఇవ్వాలి కదా.

గోదాము పని ఎనిమిది నెలలు పట్టింది. సున్నం, పలకలు, పది మంచాలు, ఆక్సిజన్ పైపులు. ఆ ఎనిమిది నెలలూ నాకు సరిగ్గా నిద్ర లేదు. సంపత్ ఒక్కసారి ఫైలు తెరిచి చూస్తే నా పని అయిపోయినట్టే. కానీ అతను చూడలేదు. రాయి చెక్కే ఉజైర్ భాయి నమూనా కాయితం ఫోన్లో పంపితే మూడుసార్లు తిప్పి పంపాడు, ప్రతిసారీ ఒకటే ఫిర్యాదు: 'ఆవిష్కరణకు సహకరించినవారు' అన్న చోట తన పేరు చిన్నగా ఉందని. పెద్దది చేశారు. నమూనాలో ఫొటో ఉండదు; చివరన చెక్కుతారు, అది నేరుగా ఫైల్లో నుంచే వెళ్లింది.

చివరి రోజుల్లో ఉజైర్ భాయి షాపుకు వెళ్లాను. నల్లరాయి మీద బాపు మొహం సగం తేలి ఉంది. ఆ సన్నటి మెడ, ఎడమ చెవి పక్కన మచ్చ. ఉజైర్ భాయి సుత్తి ఆపి, రాయిని, నన్ను మార్చి మార్చి చూశాడు. ఆయన మామ కూడా మారుపేరు మీదే పనిచేశాడని నాకు తర్వాత తెలిసింది.

"మీ బాపా?" అన్నాడు మెల్లగా.

తల ఊపాను. ఆయన మళ్లీ సుత్తి అందుకున్నాడు. ఆ మొహం మీద ఇంకో రెండు రోజులు ఎక్కువ పనిచేశాడు.

ప్రారంభం రోజు పొద్దున పదింటికి. షామియానా, కుర్చీలు, మైకు. అనూహ్య హైదరాబాదు నుంచి వచ్చింది. సంపత్ కొత్త తెల్లచొక్కాలో, పక్కన తల్లి లస్మవ్వ పట్టుచీరలో. నేను అవ్వను వెనక వరుసలో కూర్చోబెట్టాను. దవాఖాన తెరుస్తున్నారని మాత్రమే చెప్పాను. మిగతాది చెబితే ఇంట్లోంచి కదలదని నాకు తెలుసు.

సంపత్ తాడు లాగాడు. పరదా పడింది.

నల్లరాయి మీద మా బాపు. కింద పెద్ద అక్షరాలు: బొంకూరి సదయ్య, తండ్రి రాజయ్య, గ్రామం రాచపల్లి.

సంపత్ ముందు నవ్వుతూనే చప్పట్లు కొట్టాడు. తర్వాత చూశాడు. చేతులు గాల్లోనే ఆగిపోయాయి. గిర్రున తిరిగి జనంలో నన్ను వెతికి పట్టుకున్నాడు. నేను తల తిప్పుకోలేదు. ఆ రెండేళ్లు నేను నవ్విన నవ్వులన్నీ దాచుకుని, ఆ ఒక్క క్షణం నా అసలు మొహం చూపించాను.

"మేడం, ఫొటో... ఫొటో తప్పు పడ్డది" అన్నాడు.

అనూహ్య ఫైలు తెరిచింది. "పంచాయతీ ధ్రువీకరించిన ఫొటోనే అండి. నలుగురు గ్రామస్తుల సంతకాలున్నాయి. మీరు ఇచ్చిన అధికార పత్రం కూడా ఉంది. రాచపల్లి బొంకూరి సదయ్య ఈయనే." కళ్లజోడు పైనుంచి చూసింది. "ఈయన మీ నాన్నగారు కాదా?"

మైకు ఆన్‌లో ఉంది. మొత్తం షామియానా విన్నది.

అతని మొహంలో ఏం నడుస్తోందో నాకు అక్షరం అక్షరం తెలుసు. కాదంటే మరి మీ నాన్న ఎవరని అడుగుతారు. ఆ పేరు మీద తల్లి పెన్షన్ ఉంది, తమ్ముడి ఉద్యోగం ఉంది, తన లీడరీ ఉంది. అవునంటే పక్కవాడి తండ్రిని నాన్నా అనాలి, నలుగురిలో, సొంత నోటితో. నా బాపును కౌంటర్ ముందు ఎలా నిలబెట్టారో, వాణ్ణి నేను అలా నిలబెట్టాను. జాలి కలగలేదు. కలగాలని కూడా అనిపించలేదు.

"ఆయనే" అన్నాడు సంపత్.

అనూహ్యకు లోపలి సంగతి తెలియదు. ముసలావిడ ఏదో బాధలో ఉందనుకుని మైకు తీసుకెళ్లి లస్మవ్వ ముందు పెట్టింది. "అమ్మా, మీ ఆయన గురించి ఒక్క మాట చెప్పండి. కనీసం పేరు చెప్పండి చాలు."

లస్మవ్వ రాయిని చూస్తోంది. నలభై ఏళ్ల కిందట ఎంక్వైరీ గదిలో టక్కున చెప్పిన మనిషి. పక్కింట్లో బాపు పచ్చకామెర్లతో పడుకున్నప్పుడు తనే గంజి కాచి పోసిన మొహం అది. అనూహ్య మళ్లీ అడిగింది. లస్మవ్వ కొంగు తీసి నోట్లో కుక్కుకుంది.

షామియానాలో గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరుసలో ముసలి కార్మికులు ఒకరినొకరు చూసుకున్నారు. ఈ బొగ్గు బెల్టులో ఆ ఒక్క చూపు చాలు, వివరించక్కర్లేదు. రజాక్ కాక గొణిగాడు, "మారుపేరు" అని. ఆ మాట వరుస వెంట వరుస వెనక్కి పాకింది.

అది అవ్వ దాకా వచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను, అప్పటికే లేచి నిలబడింది. కుర్చీల మధ్యలోంచి, మోకాళ్ల నొప్పితో ఒక్కో అడుగు వేసుకుంటూ ముందుకు నడిచింది. జనం దారి ఇచ్చారు. రాయి దగ్గర ఆగి బాపు చెవి పక్కనున్న మచ్చను వేలితో తడిమింది. లస్మవ్వను దాటుకుని వెళ్లి, అనూహ్య చేతిలోంచి మైకు తీసుకుంది. ఆమె పుట్టి బుద్ధెరిగాక మైకు పట్టుకోవడం అదే మొదటిసారి.

ముప్పై ఎనిమిదేళ్ల నా జీవితంలో ఆమె నోట ఆ పేరు ఒక్కసారి వినలేదు. బాపు చచ్చిపోయిన రోజు కూడా "మీ బాపు, మీ బాపు" అనే ఏడ్చింది.

"నా పెనిమిటి" అంది అవ్వ. రాయిని మళ్లీ చూసింది. "పేరు సదయ్య. బొంకూరి సదయ్య."

మైకులోంచి ఆ పేరు గోదాము గోడలకు తగిలి చౌరస్తా దాకా వెళ్లింది. సంపత్ కుర్చీలో కూలబడ్డాడు. అవ్వ అతని వైపు చూడలేదు. ఫైలు పట్టుకుని నిలబడిపోయిన అనూహ్య వైపు తిరిగింది.

"రాసుకున్నవా బిడ్డా?" అని అడిగింది.

అనూహ్యకు ఇప్పుడు అర్థమైంది. కలం తీసింది. ఫైల్లో ఆ పేరు రాసింది.

"రాసుకున్నానమ్మా."